"ఆగండి బాబూ, సెప్తాది": శ్రీకాకుళం జిల్లా అధికారులకు బహిరంగ లేఖ

శ్రీకాకుళం జిల్లా కలెక్టరు గారికి, జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారులకి, వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరాల్లో బల్లకి అవతలపక్క కూర్చునే డాక్టర్లకి, మా మండలాల్లోని బ్యాంకు మేనేజర్లకి

నమస్కారం.

నేను పొందూరు దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మని. మా నాన్న గుంటమగ్గం మీద ఖద్దరు నేస్తాడు. మా అమ్మ ఒంటికదురు రాట్నం మీద సన్ననూలు వడికేది. నలభై ఏళ్ళు వడికింది. ఈ ఉత్తరం ఆమె గురించే, పక్షవాతంతో పోయిన ఆమె మాట గురించే. ఆమె తరఫున రాస్తున్నానని మాత్రం అనుకోకండి. ప్రతి పేరా ఆమెకి చదివి వినిపించి, ఆమె చెయ్యి ఊపి వద్దన్నవి రెండు తీసేసి, మిగిలింది మీకు పంపుతున్నాను.

రెండేళ్ళ కిందట, సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజు. పొద్దున్న ఆరింటికి అమ్మ రాట్నం ముందు కూర్చుంది. వాలుగ చేప దవడతో దువ్విన పత్తి, చుట్టిపెట్టిన ఏకులు పక్కనే ఉన్నాయి. కుడిచేత్తో చక్రం తిప్పుతూ ఎడమచేత్తో ఏకు లాగాలి, రెండు చేతులకీ ఒకటే లెక్క కుదరాలి. అమ్మ చేతిలో పోగు తెగడం అరుదు. ఆ పొద్దున్న వరసగా తెగుతూనే ఉంది. నాన్న మగ్గం గుంటలోంచి తలెత్తి, "ఏటే, పత్తికి సెమ్మ తగిలిందేటి?" అన్నాడు. అమ్మ జవాబు చెప్పబోయింది. "అది... అది... అది..." అని మాత్రం వచ్చింది. మూతి కుడిపక్క కిందికి జారిపోయి ఉంది. కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది.

తరవాతి రెండు గంటలు ఎలా పోయాయో చెప్పడానికి ఇప్పటికీ మనసు రాదు. వీధిలో వాళ్ళు గాలి సోకిందన్నారు. ఒకాయన పావురం నెత్తురు రాయమన్నాడు. పసరు పోసేవాడు ఫలానా ఊళ్ళో ఉన్నాడని ఇంకొకాయన బండి కూడా తీశాడు. అందరూ మా మేలు కోరినవాళ్ళే. 108 వచ్చి, ఒక ఆసుపత్రిలో స్కానింగ్ తీసి, అక్కణ్ణించి విశాఖ పంపించేసరికి ఒంటిగంట దాటింది. మెదడు నరంలో రక్తం గడ్డని కరిగించే ఇంజెక్షను మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలట. అంతకంటే ముందు స్కాన్ తీసి అది గడ్డో, నెత్తురు కారడమో తేల్చుకోవాలట. ఎందుకంటే నెత్తురు కారుతుంటే అదే మందు ప్రాణం తీస్తుంది. మెదడుకి రక్తం అందని ప్రతి నిమిషానికీ దాదాపు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని తరవాత చదివాను. పావురం కోసం వెతికిన నిమిషాలు ఎన్నో మీరు లెక్క కట్టుకోగలరు. బీపీ గురించి కూడా దాచను. అమ్మకి నాలుగేళ్ళుగా బీపీ ఉంది. 104 బండి వచ్చినప్పుడు మాత్రలు తెచ్చుకునేది, తలనొప్పి లేకపోతే మానేసేది. ఎండుచేపల పులుసు, అడ్డపొగ (నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టి చుట్ట కాల్చడం) రెండూ ఆమెకి ఇష్టం. అడ్డపొగ ఇప్పుడు మానేసింది.

ఇదంతా మీకు తెలిసిన కథే. మీరు ఇచ్చే కరపత్రాల్లో మూతి, చెయ్యి, మాట, టైము అని రాసే ఉంటుంది. నేను చెప్పాలనుకున్నది ఆ తరవాతది.

ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉన్నాం. డిశ్చార్జి కాగితంలో కుడికాలు గురించి ఉంది, కుడిచెయ్యి గురించి ఉంది. బీపీ మాత్ర, రక్తం గడ్డకట్టకుండా మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర, ఫిజియోథెరపీ అన్నీ రాశారు. మాట గురించి ఒక్క ముక్క లేదు. అడిగితే, "మాటదేముందమ్మా, మెల్లిగా అదే వస్తుంది" అన్నారు. మేం నమ్మాం. ఐదు నెలలు అలాగే ఎదురుచూశాం. దెబ్బ తగిలిన మొదటి మూడు నెలల్లోనే మెదడు ఎక్కువగా కోలుకుంటుందని, ఆ నెలల్లోనే మాటకి సాధన మొదలుపెట్టాలని అప్పుడు మాకెవరూ చెప్పలేదు. నా కోపమంతా ఆ ఐదు నెలల గురించే.

అమ్మకి వచ్చిన దాన్ని, మెదడు దెబ్బతిని మాట పోవడాన్ని, అఫేజియా అంటారు. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడి దగ్గరికి "టాన్" అన్న ఒక్క ముక్క తప్ప దాదాపు వేరేమీ పలకలేని రోగి వచ్చాడు. ఆ మనిషి పోయాక మెదడు చూస్తే ఎడమవైపు ముందు భాగంలో దెబ్బ కనిపించింది. కుడిచేతివాటం ఉన్నవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా భాష ఉండేది ఎడమవైపునే. అందుకే కుడిచెయ్యి పడిపోయినవాళ్ళలో చాలామందికి మాట కూడా పోతుంది. మా అమ్మకి "టాన్" బదులు "అది" మిగిలింది. నీళ్ళు కావాలన్నా "అది", కాలు లాగుతోందన్నా "అది", నేను ఆలస్యంగా వస్తే కోపంగా "అది!". అందులో ఎన్ని రకాల "అది" ఉన్నాయో మా నాన్న ముందుగా పట్టుకున్నాడు.

నేను పట్టుకోలేకపోయాను. నేను పంతులమ్మని కదా, పిల్లలకి మాటలు నేర్పడమే నా పని అనుకున్నాను. ఒకటో తరగతి వాచకం, పలక ఇంటికి తెచ్చాను. "అమ్మా, ఇది అ, అమ్మ. ఇది ఆ, ఆవు" అని మొదలుపెట్టాను. మూడో రోజు అమ్మ ఎడమచేత్తో ఆ పలక లాగి వాకిట్లోకి విసిరేసింది. పలక రెండు ముక్కలైంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూసి నాకు అప్పటికి అర్థమైంది. ఆవంటే ఏమిటో ఆమెకి తెలుసు. పాలు పితికిన మనిషి. వస్తువు తెలుసు, దాని పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. తెలియని పిల్లకి నేర్పినట్టు నేను నేర్పబోయాను. చాలా ఇళ్ళల్లో ఇదే జరుగుతోందని ఇప్పుడు నాకు తెలుసు. గట్టిగా అరిస్తే వినపడుతుందనుకునేవాళ్ళు, పాపాయితో మాట్లాడినట్టు ముద్దుగా మాట్లాడేవాళ్ళు, ఆమె ఎదుటే "పాపం, మతి పోయినట్టుంది" అనేవాళ్ళు మా ఇంటికీ వచ్చారు. పలకరింపుకి వచ్చినవాళ్ళు వెళ్ళాక అమ్మ గోడవైపు తిరిగి పడుకునేది. పక్షవాతం వచ్చినవాళ్ళలో సుమారు మూడోవంతు మంది దిగులు జబ్బులో పడతారు. నోరు విప్పి చెప్పుకోలేనివాళ్ళ దిగులు ఎవరి కంటా పడదు.

ఇంక మేక సంగతి. జ్యేష్ఠంలో ఒక మధ్యాహ్నం వాకిట్లో చోళ్ళు (రాగులు) ఎండబెట్టి ఉన్నాయి. పక్కింటి మేక తాడు తెంపుకుని వచ్చి మూతి పెట్టింది. అమ్మ అరుగు మీద ఉంది. "నీ జిమ్మడ! పో!" అంది.

ఎక్కడా తడబడలేదు. జబ్బు రాకముందు గొంతే, ఆ పాత విరుపే. నాన్న మగ్గం గుంటలోంచి ఎలా బయటికొచ్చాడో తెలీదు, వచ్చి వాకిట్లో నిలబడి ఏడ్చాడు. "మళ్ళీ అనే, మళ్ళీ అను" అని అడిగాడు. అమ్మ అనబోయింది. "అది" వచ్చింది.

ఆ రాత్రి నేను ఫోనులో వెతికి, తెలిసినవాళ్ళని పట్టుకుని, చివరికి ఒక స్పీచ్ థెరపిస్టుని వీడియో కాల్లో పట్టుకున్నాను. ఆవిడ చెప్పింది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. కావాలని ఏర్చి కూర్చి చెప్పే మాట వేరు, అలవాటుగా దొర్లిపోయే మాట వేరు. అంకెలు, వారాల పేర్లు, పాట, దండకం, తిట్టు ఇవి రెండో రకం. మొదటిది పోయినా రెండోది చాలామందిలో మిగులుతుంది. ఆవిడ అమ్మతో "ఆదివారం, సోమవారం..." అని మొదలుపెట్టి ఆగింది. అమ్మ శనివారం దాకా చెప్పేసింది. నన్ను ఆడించిన జోలపాట మొదటి పాదం నేను పాడితే రెండో పాదం అమ్మ మాటలతో సహా పాడింది. ఐదు నెలలు మేం మూగ అనుకున్న మనిషి.

అక్కణ్ణించి సాధన మొదలైంది. వారానికి రెండు రోజులు, నలభై ఐదు నిమిషాలు. ఒక చిత్రాల పుస్తకం కావాలంటే మొదట ఫోనులో దొరికిన చార్టు ఒకటి తీసుకున్నాం. అందులో బ్రెడ్డు, శాండ్‌విచ్చు, యాపిలు ఉన్నాయి. మా అమ్మ అడిగేది వాటినా? థెరపిస్టే చెప్పింది, మీ ఇంటి బొమ్మలు మీరే తీసుకోండని. చోడి అంబలి గిన్నె, నాన్న చెంబు, మాత్రల డబ్బా, మరుగుదొడ్డి తలుపు, మా చిన్నమ్మ మొహం, రాట్నం, కదురు, ఏకు, చిలప (నూలు చుట్ట) అన్నీ ఫోనులో ఫొటోలు తీసి పొందూరు బజార్లో ప్రింటు వేయించి ఒక నోటుబుక్కులో అంటించాను. అమ్మ మొదట పలికిన పేరు "ఏకు". రెండోది "అంబలి", అది పలకడానికి పదహారు రోజులు పట్టింది. అన్నట్టు ఆ అంబలే ఆమెని మొదటి నెలలో కాపాడింది. నీళ్ళు తాగితే పొరబోయి ఊపిరాడేది కాదు, చిక్కటి అంబలి మాత్రం చక్కగా దిగేది. ఇలా ఉంటే మింగే కండరాలు కూడా బలహీనపడ్డాయని అర్థమట, పలచటివి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుందట. ఇంటికి పంపేముందు అదొక్కటైనా పరీక్షించి చెప్పాల్సింది.

నాన్న మారిన తీరు గురించి కూడా రాయాలి. ఆయన తక్కువ మాట్లాడే మనిషి. ఇంటి మాటలన్నీ అమ్మవే. బజారు ధరలు, చుట్టాల కబుర్లు, అప్పుల లెక్కలు అన్నీ ఆమె నోటి మీదే నడిచేవి. ఇప్పుడు ఆయనే పొద్దున్న అంబలి కాచి, పక్కన కూర్చుని, ఊళ్ళో జరిగిందంతా చిన్నచిన్న మాటల్లో ఆమెకి చెప్తాడు. ఒక మాట చెప్పి ఆగుతాడు. ఆమె మొహం చూసి రెండోది చెప్తాడు. ఆయనకి ఇది ఎవరూ నేర్పలేదు. పోయిన వర్షాకాలంలో ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి ఇద్దరూ రాట్నం ముందు ఉన్నారు. నాన్న చక్రం తిప్పుతున్నాడు, అమ్మ బాగున్న ఎడమచేత్తో ఏకు లాగుతోంది. పోగు లావుగా, ముళ్ళు ముళ్ళుగా వస్తోంది, అమ్మకి నచ్చలేదు. చేత్తో ఆయన మోచెయ్యి తట్టి, మెల్లగా అన్నట్టు వేళ్ళు ఆడించింది. నాన్న వేగం తగ్గించాడు. ఆ నూలు ఎవరూ కొనరు. నాన్న దాన్ని చిలప చుట్టి దేవుడి గూట్లో పెట్టాడు.

ఇంత జరిగాక మీ దగ్గరికి వచ్చాం.

సదరం శిబిరానికి స్లాటు దొరకడానికి పట్టిన రోజుల గురించి రాయను. శిబిరంలో రద్దీ ఎంత ఉందో చూశాను, డాక్టర్ల మీద ఎంత భారం ఉందో కూడా చూశాను. అమ్మ వంతు వచ్చింది. చెయ్యి ఎత్తమన్నారు, వేళ్ళు బిగించమన్నారు, నాలుగు అడుగులు నడవమన్నారు. "పేరేంటి?" అని అడిగారు. అమ్మ కంగారుపడింది. చుట్టూ జనం, వెనక వరస, గట్టిగా అడిగిన గొంతు. "ఆదివారం" అంది. వెనక ఎవరో నవ్వారు. బల్ల దగ్గర కాగితం రాస్తున్నతను నావైపు తిరిగి, "మతిస్థిమితం లేదని రాసుకోమంటారా?" అన్నాడు. అమ్మకి అంతా వినపడింది, అంతా అర్థమైంది. ఆ రోజు నుంచి పది రోజులు నోటుబుక్కు ముట్టుకోలేదు. కాలికీ చేతికీ కలిపి 35 శాతం వేశారు. మాట లెక్కలోకే రాలేదు.

అయ్యా, మాట లెక్కలోకి రావాలని నేను కొత్తగా అడగడం లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తించింది. అందులో వాక్కు, భాషకి సంబంధించిన వైకల్యం ఒకటి, దాని నిర్వచనంలోనే అఫేజియా అన్న పేరు ఉంది. దాన్ని కొలిచే పద్ధతీ ఉంది. ఎలా మాట్లాడుతున్నారు, విన్నది ఎంత తెలుస్తోంది, చెప్పింది తిరిగి అనగలరా, వస్తువు చూపిస్తే పేరు చెప్పగలరా అని పరీక్షించి అంకె వేస్తారు. 40 శాతం, ఆపైన ఉంటే నెలకి 6,000 పింఛను. మంచానికో చక్రాల కుర్చీకో పూర్తిగా పరిమితమైన పక్షవాత రోగులకి 15,000. ఎన్టీఆర్ భరోసాలో పెంచిన ఆ మొత్తాలు మా ఊళ్ళల్లో ఎన్ని ఇళ్ళని నిలబెడుతున్నాయో మేం చూస్తున్నాం, అందుకు కృతజ్ఞులం. మా అమ్మ చేతికర్రతో నడుస్తుంది కాబట్టి ఆమెకి పెద్ద పింఛను అడగడం లేదు. నడుస్తుంది కాబట్టి బాగుందని మాత్రం రాయకండి. మందుల షాపులో మాత్ర పేరు చెప్పలేకపోతోంది, బస్సులో దిగాల్సిన ఊరు చెప్పలేకపోతోంది, ఒంటరిగా ఉన్నప్పుడు ఒంట్లో బాగోకపోతే ఫోను చేసి ఎవరినీ పిలవలేకపోతోంది.

బ్యాంకులో జరిగింది ఇంకో రకం. అమ్మ పేరున ఒక డిపాజిట్ ఉంది. వడికిన డబ్బులు కూడబెట్టింది. సంతకం చెయ్యలేకపోతోంది కాబట్టి ఆ డబ్బు కూతురి ఖాతాలోకి మార్చేస్తే సులువని మేనేజరు గారు సలహా ఇచ్చారు. మంచి మనసుతోనే ఇచ్చారు. "అమ్మాయికి మార్చెయ్యమంటావా అమ్మా?" అని అడిగారు. అమ్మ తలూపింది. "చూశారా, ఔనంటున్నారు" అన్నారాయన. కానీ నాకు ఆ మొహం తెలుసు. అఫేజియాలో ఔను, కాదు తారుమారవుతాయి. కాదనుకుంటూ తల ఔనన్నట్టు ఊగిపోతుంది. నేను రెండు కాగితాలు అడిగి, ఒకదాని మీద నా బొమ్మా రూపాయల కట్టా, రెండోదాని మీద అమ్మ బొమ్మా రూపాయల కట్టా గీసి ముందు పెట్టాను. అమ్మ తన బొమ్మ మీద అరచెయ్యి పెట్టి నొక్కింది. నేను కాగితం తీసేదాకా చెయ్యి తియ్యలేదు. ఆ డబ్బు ఆమెది. నాకు రాసివ్వడం ఆమెకి ఇష్టం లేదు, అలా చెప్పగలిగినందుకు నాకు గర్వంగా ఉంది.

సంతకం చెయ్యలేని, వేలిముద్ర కూడా వెయ్యలేని ముసలివాళ్ళకీ జబ్బుమనుషులకీ ఏం చెయ్యాలో రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. వాళ్ళు పెట్టిన గుర్తుని ఇద్దరు సాక్షులు ధ్రువీకరిస్తే చాలు, అందులో ఒకరు బాధ్యత గల బ్యాంకు ఉద్యోగి అయి ఉండాలి. 70 దాటినవాళ్ళకీ, దివ్యాంగులకీ ఇంటికే వచ్చి సేవ చెయ్యాలని 2017లో ఆదేశించింది. దివ్యాంగుల చట్టం 13వ సెక్షను వాళ్ళ డబ్బు వ్యవహారం వాళ్ళే చూసుకునే హక్కు ఇచ్చింది. మా మేనేజరు గారు అవన్నీ చూసి, చివరికి అమ్మ ఎడమ బొటనవేలి ముద్రతోనే పని చేసిపెట్టారు. అదే పని రేపు ఇంకో ఊళ్ళో, పంతులమ్మ కూతురు లేని ఇంకో అమ్మకి కూడా జరగాలి.

ఇక మీరు చెయ్యగలిగినవి. పెద్ద పెద్ద భవనాలు అడగను. పక్షవాతం రోగిని ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితంలో మాట గురించి, మింగడం గురించి రెండు గడులు పెట్టించండి, వాటిని ఖాళీగా వదలకూడదని చెప్పండి. పిల్లల కోసం నడిచే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి స్పీచ్ థెరపిస్టు పోస్టు ఉంటుంది. వారంలో ఒక పూట పెద్దవాళ్ళకి కేటాయిస్తే శ్రీకాకుళం చుట్టుపక్కల వాళ్ళకి ఆసరా అవుతుంది. కానీ ఇచ్ఛాపురం నుంచో మందస కొండ ఊళ్ళ నుంచో పక్షవాతం మనిషిని వారం వారం బస్సులో తీసుకురాలేరు. వాళ్ళకి ఈ-సంజీవనిలో (ప్రభుత్వ వీడియో వైద్య సేవ) డాక్టరు మాట్లాడినట్టే థెరపిస్టూ మాట్లాడే ఏర్పాటు చెయ్యండి. వీడియోలో ఇది జరుగుతుంది, మా ఇంట్లో జరుగుతోంది. ఆశా కార్యకర్తలకి ఒక్క పూట శిక్షణ చాలు. చిన్న వాక్యం చెప్పాలి, ఒకసారికి ఒకటే అడగాలి, టీవీ ఆపాలి, బొమ్మ చూపించాలి, మాట అందించే తొందర పడకూడదు. చిత్రాల పుస్తకం జిల్లా తరఫున వేయిస్తే అందులో మా చోడి అంబలి, మా ఎండుచేప, మా ఉద్దానం జీడితోట, మా జాలారి వల ఉండాలి. అమ్మ నోటుబుక్కు ఇవ్వడానికి మేం సిద్ధం. అమ్మని అడిగాను, ఒప్పుకుంది. తన ఫొటో ఉన్న పేజీ మాత్రం ఇవ్వనంది.

మాట విషయంలో గడువు ముగిసిందనే మాట లేదని థెరపిస్టు చెప్పింది. ఏళ్ళ తరబడి మెల్లిగా మెరుగవుతూ ఉంటుందట. రెండేళ్ళకి అమ్మకి డెబ్భై దాకా మాటలు ఉన్నాయి, రెండు మాటల్ని కలపగలదు. నిన్న "నూలు తే" అంది.

వచ్చే నెల శిబిరానికి అమ్మ మళ్ళీ వస్తోంది. పేరు అడగండి. అడిగాక మీ మనసులో పది దాకా లెక్కపెట్టుకోండి. ఆమెకి అంత సమయం పడుతుంది. ఈలోగా నావైపు చూడకండి, నేను చెప్పను. మా నాన్న పక్కనే ఉంటాడు. మీరు తొందరపడితే ఆయనే చెయ్యి అడ్డం పెట్టి అంటాడు, ఇంటికొచ్చే అందరితో అనేదే:

"ఆగండి బాబూ, సెప్తాది."

ఇట్లు,
పొందూరు నుంచి ఒక కూతురు
(కింద ఎడమ బొటనవేలి ముద్ర మా అమ్మది)